ముప్పై మందికి బగారా వండి పెట్టాను, తిరిగి ఒక్కరూ పిలవలేదు

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది బెల్లంపల్లి. మా ఆయనకు రైల్వేలో ఉద్యోగం, బదిలీ మీద రెండేళ్ళ కింద కాజీపేటకు వచ్చాం. రెండు అర్రల కిరాయి ఇల్లు, ఇద్దరు పిల్లలు, అత్తమ్మ మాతోనే ఉంటుంది. ఆదివారం మేం వెళ్ళే సంఘం పెద్దది, నాలుగైదు వందల మంది వస్తారు. ఆరాధన అయిపోగానే ఎవరి బండి వాళ్ళు తీస్తారు. 'వందనాలక్కా' అనేవాళ్ళే గానీ నా పేరు తెలిసినవాళ్ళు పది మంది లేరు. బెల్లంపల్లిలో మా అమ్మవాళ్ళింట్లో వారం వారం ప్రార్థన కూడిక జరిగేది. ఇక్కడ కూడా అలాంటిది ఉండాలని నా ఆశ. మా చిన్నవాడి పుట్టినరోజుకు కృతజ్ఞతా కూడిక పెట్టి 32 మందికి బగారన్నం, చికెన్ వండి పెట్టాను. 9 వేలు అయ్యింది, అందులో 4 వేలు అప్పు. అందరూ తిన్నారు, బాగుందన్నారు, వెళ్ళారు. నాలుగు నెలలైంది, ఒక్కరూ మమ్మల్ని వాళ్ళింటికి రమ్మనలేదు. ఇళ్ళలో పని చేసుకునే ఒక అక్క మాత్రం రెండుసార్లు చాయ్‌కి రమ్మంది. అత్తమ్మ వద్దన్నది, నేనూ ఊరుకున్నాను. మళ్ళీ కూడిక మొదలుపెడదామంటే ఇంటి ఓనర్ ఏమంటారో, పాస్టర్ గారు ఏమనుకుంటారో అని టెన్షన్. ఇల్లు చిన్నది, చేతిలో డబ్బు లేదు. ఎలా మొదలుపెట్టాలి?
(ఒక సహోదరి, కాజీపేట)

జవాబు: చెల్లెమ్మా, నువ్వు అక్కా అన్నావు కాబట్టి నేనూ చనువుగా నువ్వనే రాస్తున్నాను.

వాళ్ళు ఎందుకు పిలవలేదో నాకు తెలుసనే అనుకుంటున్నాను. నువ్వు పెట్టిన బగారాయే వాళ్ళ నోరు కట్టేసింది. మీ ఇంట్లో తిని వెళ్ళిన ఆడమనిషి ఆ రాత్రి అంట్లు తోముకుంటూ ఏమనుకుని ఉంటుందో ఆలోచించు. 'పాపం, ఎంత చేసింది. మనం కూడా ఒకసారి పిలవాలి. కానీ పిలిస్తే మనమూ అంత చెయ్యాలి కదా. ఈ నెల పిల్లల ఫీజు ఉంది, వచ్చే నెల చూద్దాం.' ఆ వచ్చే నెల రాదు. నాలుగు నెలలయ్యాక నువ్వు ఎదురుపడితే ఆమెకే మొహమాటం. గబగబా 'వందనాలక్కా' అనేసి బండి తీస్తుంది. నువ్వేమో దాన్ని లెక్కలేనితనం అనుకుంటున్నావు. నాకైతే అందులో భయమే కనబడుతోంది.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఇరవై ఏళ్ళ కింద హనుమకొండలో మా వీధిలో ఐదిళ్ళవాళ్ళం కలిసి మంగళవారం కూడిక మొదలుపెట్టాం. వారానికో ఇల్లు, వంతుల వారీగా. మొదటి ఇంట్లో చాయ్, మారీ బిస్కెట్లు. రెండో ఇంట్లో ఉప్మా. మూడో ఇంటావిడ ఉప్మా కంటే తక్కువ పెడితే ఏం బాగుంటుందని పులిహోర, గారెలు చేసింది. నాలుగో ఇల్లు చికెన్ కూర, బగారన్నం పెట్టి చివర్లో సేమియా పాయసం కూడా పోసింది. ఐదో ఇల్లు, భర్త పోయాక మిషన్ కుట్టుకుంటూ ఇద్దరు ఆడపిల్లలను చదివించుకునే ఒకావిడది. తన వంతు వచ్చిన మంగళవారం ఆమె జ్వరమని కబురు పంపింది. తర్వాతి వంతుకు ఊరెళ్ళింది. ఆ తర్వాత అసలు కూడికకే రావడం మానేసింది.

మేం ఏం చేశామో తెలుసా? ఆమె ఆరోగ్యం కోసం ప్రార్థన చేశాం, వారం వారం, పేరు పెట్టి.

ఆరు నెలలకు జాకెట్లు కుట్టడానికి ఇద్దామని ఆమె ఇంటికి వెళ్తే, కొలతలు తీసుకుంటూ తల ఎత్తకుండానే అంది: "మీ ఇళ్ళల్లో తిన్నదంతా నా ఇంట్లో పెట్టలేను కదక్కా." అంతే. ఇంకేం అనలేదు. ఆ చికెన్ వండిన నాలుగో ఇల్లు నాదే. ప్రేమతోనే వండాను, అది అబద్ధం కాదు. కానీ మూడో ఇంటి గారెలను మించాలని కూడా వండాను, అదీ అబద్ధం కాదు. తర్వాత మేం ఒక రూలు పెట్టుకున్నాం: చాయ్, దానితో ఒకటే ఐటమ్, ఎవరింట్లోనైనా సరే. ఆవిడ మాత్రం తిరిగి రాలేదు. ఆ రూలు ఆమె తర్వాత వచ్చినవాళ్ళకు పనికొచ్చింది.

అందుకే నీకు చెప్పే మొదటి మాట: అప్పు తీర్చే దాకా కాదు, తీరాక కూడా బగారా వద్దు. పెళ్ళికి, క్రిస్మస్‌కు, ప్రేమ విందుకు బగారా ఉండనే ఉంది. వారం వారం మనుషులు కలవాలంటే, నీ ఇంట్లో తిన్న ప్రతి ఒక్కరూ 'ఇంతేనా, ఇది నేనూ చెయ్యగలను' అనుకుంటూ ఇంటికి పోవాలి.

ఏం పెట్టాలంటావా? అర కిలో శనగలు రాత్రి నానబెట్టి, పొద్దున ఉడికించి, సాయంత్రం ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకుతో తాలింపు పెడితే పది మందికి గుడాలు అయిపోతాయి. లీటరు పాల చాయ్. మొత్తం కలిపి రెండు వందలు దాటదు. బొబ్బర్ల గుడాలూ బాగుంటాయి. వానాకాలం మక్కకంకులు ఉడకబెట్టి తలా ఒకటి చేతిలో పెట్టు. సర్వపిండి మాత్రం వద్దు. నాకు ప్రాణమే, కానీ అది ఒక్కొక్కటిగా సన్నటి మంట మీద కాలాలి. పది మందికి కాల్చేసరికి పాటలన్నీ వంటింట్లోంచే వింటావు. యేసు ఇంటికి వచ్చిన రోజు మార్తకు జరిగింది అదే. ప్రభువు ఆమెను వంట చేసినందుకు ఏమీ అనలేదు, అనేకమైన పనుల గురించి తొందరపడుతున్నావు అన్నాడు. గుడాలైతే నాలుగింటికే గిన్నెలో ఉంటాయి, నువ్వు జంపఖానా మీద ఉంటావు.

ఇంకో మాట. గ్లాసులు కడిగేది మీ ఆయన. డ్యూటీ ఉంటే సరే, లేని రోజు ఆయనే. పేతురు తన పత్రికలో ఆతిథ్యం చేయమని మాత్రమే చెప్పి ఊరుకోలేదు, 'సణుగుకొనకుండ' అని కూడా రాశాడు. ఇంటికి మనుషులు వచ్చి వెళ్ళాక సణుగుడు ఎక్కడ పుడుతుందో ఆయనకు బాగా తెలిసినట్టుంది. అది పుట్టేది సింకు దగ్గరే.

ఇల్లు చిన్నదన్నావు. రెండు అర్రల్లో ఎనిమిది మంది హాయిగా కూర్చుంటారు, పది మంది సర్దుకుని కూర్చుంటారు. పదకొండో మనిషి వచ్చాడంటే ఇంకో ఇల్లు వెతకాల్సిన సమయం వచ్చిందన్నమాట. మన విశ్వాసం పుట్టిందే ఇళ్ళల్లో. అపొస్తలుల కార్యాల్లో మొదటి సంఘం ఇంటింట రొట్టె విరిచింది. అకుల, ప్రిస్కిల్ల డేరాలు కుట్టుకునేవాళ్ళు, వాళ్ళింట్లో సంఘం కూడేది. ఫిలిప్పీలో లూదియ బాప్తిస్మం తీసుకున్న వెంటనే పౌలును, ఆయనతో ఉన్నవాళ్ళను తన ఇంట్లో ఉండమని బలవంతం చేసింది. సిరియాలో యూఫ్రటీసు ఒడ్డున దూరా యూరోపస్ అనే పాత పట్టణం ఉంది. అక్కడ తవ్వకాల్లో బయటపడిన చర్చి, ఇప్పటిదాకా దొరికినవాటిలో అతి పాత చర్చిల్లో ఒకటి, మూడో శతాబ్దం నాటి ఒక మామూలు ఇల్లే. మధ్య గోడ తీసేసి రెండు గదులను ఒకటి చేసుకున్నారు. నువ్వు కిరాయి ఇంట్లో ఉన్నావు కాబట్టి గోడ జోలికి పోకు. మంచం నిలబెట్టి, కొత్తవాడ జంపఖానా ఒకటి పరిస్తే చాలు. మన వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. కుర్చీలు అరువు తెచ్చే పని పెట్టుకోకు. నలుగురికి కుర్చీ వేసి నలుగురిని కింద కూర్చోబెడితే, ఎవరికి కుర్చీ దక్కిందన్నదే ఆ రోజు ప్రసంగం అవుతుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ఒకటి రెండు సరిపోతాయి.

రోజు, టైమ్ గురించి. ఆదివారం వద్దు. శుక్రవారం చాలా సంఘాల్లో ఉపవాస ప్రార్థన ఉంటుంది, అదీ వద్దు. మంగళవారమో బుధవారమో 7 గంటలకు మొదలుపెట్టి 8:30కు ముగించు. ముగించడం అంటే నిజంగా ముగించడం. ఒక పాట, ఒక వాక్యభాగం, దాని మీద కూర్చున్నవాళ్ళందరి మాట, ప్రార్థన, చాయ్. ఎవరైనా వాక్యం చెప్తామని లేచి నలభై నిమిషాలు మాట్లాడితే మర్యాదగా ఆపు. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతుంటే కిటికీలో కూర్చున్న ఐతుకు నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడిపోయాడు. పౌలు కాబట్టి లేపగలిగాడు, మనలో అంత శక్తి ఉన్నవాళ్ళు తక్కువ. మీ రైల్వేవాళ్ళకు నైట్ డ్యూటీ ఉంటుంది, పిల్లలకు హోంవర్క్ ఉంటుంది, మడికొండ వైపు నుంచి వచ్చే ఆడవాళ్ళు చీకట్లో ఆటో కోసం నిలబడాలి. టైమ్‌కు వదిలే ఇంటికి మనుషులు మళ్ళీ వస్తారు. మీ ఆయనకు నైట్ డ్యూటీ ఉన్న వారం మధ్యాహ్నం పూట ఆడవాళ్ళు మాత్రమే కూర్చోండి.

ఓనర్ సంగతి అంత కష్టమైనది కాదు, ముందే చెప్తే. చాలామంది చెప్పరు, చూస్తే చూశారులే అనుకుంటారు. మొదటి రోజు గేటు ముందు పది జతల చెప్పులు, ఆరు బండ్లు చూసి పైనుంచి ఆయన దిగి వస్తాడు. అప్పుడు మొదలవుతుంది గొడవ. నువ్వు, మీ ఆయన ఇద్దరూ ముందే వెళ్ళి చెప్పండి: మంగళవారం సాయంత్రం గంటన్నర మావాళ్ళు ఎనిమిది మంది వస్తారు, పాడుకుంటాం, ప్రార్థన చేసుకుంటాం, మైకు ఉండదు, డోలక్ ఉండదు, బండ్లు మీ గేటుకు అడ్డం పెట్టనివ్వం. వాయించే తాళాలు కూడా బయటికి తియ్యకు. గొంతులు చాలు. ఆ మాట తప్పకండి, తప్పినవాళ్ళు పోగొట్టుకునేది ఒక్క కూడికనే కాదు, ఇల్లు కూడా.

ఓనర్ వాళ్ళను వేరే రోజు చాయ్‌కి పిలువు. చాయ్‌కి పిలిచిన రోజు చాయ్ మాత్రమే పొయ్యి. చాయ్ అని పిలిచి బైబిల్ తెరిస్తే వాళ్ళు మోసపోయామనుకుంటారు, ఆ అనుకోవడంలో తప్పు లేదు. ప్రార్థనకు పిలిస్తే ప్రార్థన అని చెప్పే పిలువు, వస్తే వస్తారు, లేకపోతే లేదు. ఓనరమ్మ బతుకమ్మ పండుగకు సద్దులు పంపితే ఏం చెయ్యాలని అడుగుతావేమో. అది ఇంకో ఉత్తరానికి సరిపడా విషయం. ఇప్పటికి ఇంతే చెప్తాను: నీ మనస్సాక్షి తీసుకోవద్దంటే వద్దు, కానీ గిన్నెను గుమ్మంలోంచే తిప్పి పంపకు, ఆమెను లోపలికి పిలిచి కూర్చోబెట్టి చెప్పు.

పాస్టర్ గారికి భయపడాల్సింది ఏమీ లేదు, చాటుగా చేస్తే తప్ప. మొదటి కూడికకు ముందే వెళ్ళి కలువు. మూడు విషయాలు ఆయన అడగకముందే నువ్వే చెప్పు. కానుక పట్టం. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం ఇవ్వం, అది సంఘంలోనే. ఆదివారం ఆరాధన టైమ్‌లో పెట్టం. ఇళ్ళలో మొదలైన కూడిక సంఘాన్ని చీల్చడం ఆయన ఎక్కడో చూసే ఉంటారు, కాబట్టి ఆయన భయానికి కారణం ఉంది. ఏ ఇంట్లో కానుక సంచి తిరిగిందో ఆ ఇంట్లో మరో ఏడాదికి కొత్త సంఘం బోర్డు లేస్తుంది. ఆయన్ని, పాస్టరమ్మను నెలకో రెండు నెలలకో ఒకసారి పిలువు. వచ్చిన రోజు కూడా ప్రసంగం ఆయన మీద పెట్టకు, అందరితో పాటు కింద కూర్చుని గుడాలు తిననివ్వు. పాపం, వాళ్ళకు ఎక్కడికెళ్ళినా ప్రసంగమే, ఎక్కడికెళ్ళినా చికెనే.

ఇక కూడికను లోపలి నుంచి తినేసేవి రెండున్నాయి. ఒకటి చిట్టీ. ఎనిమిది మంది వారం వారం కలుస్తున్నారంటే ఎవరికో ఒకరికి తప్పకుండా ఆ ఆలోచన వస్తుంది: 'మనం మనమే కదా, నెలకు తలా రెండు వేలు వేసుకుందాం.' తర్వాత స్కీములు, బరువు తగ్గే పొడులు, ప్లాట్లు కూడా వస్తాయి. మొదటి వారమే చెప్పెయ్, ఈ ఇంట్లో డబ్బు మాట రాదని. ఎత్తిన చిట్టీ కట్టలేనివాళ్ళు ముందు మానేసేది చిట్టీని కాదు, ప్రార్థనను.

రెండోది ఇంకా కష్టం, ఎందుకంటే అది ప్రార్థన రూపంలోనే వస్తుంది. 'ఫలానా అక్క కూతురి విషయం ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుందాం, ఏం జరిగిందంటే...' అని మొదలవుతుంది. మా కూడికలో ఒకసారి ఇలాగే ఒక పెళ్ళి సంబంధం మాట బయటికి పోయింది. తెల్లారేసరికి వడ్డేపల్లి దాకా తెలిసింది. ఆ అమ్మాయి తల్లి నన్ను ఏమీ అనలేదు. చర్చిలో నా పక్కన కూర్చోవడం మానేసింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరి ప్రార్థన అంశం వాళ్ళే చెప్పుకోవాలి, లేనివాళ్ళది ఇంకొకరు చెప్పకూడదు. ఇది అమలు చెయ్యడానికి కొంచెం మొండితనం కావాలి. ఎవరైనా మొదలుపెడితే, 'ఆ అక్క వచ్చినప్పుడు తనే చెప్తుందిలే' అని పాట ఎత్తుకో. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఎన్నో ఉన్నాయి, ఏదో ఒకటి అందరికీ నోటికొచ్చేది ఉంటుంది.

ఎవరిని పిలవాలి? ముప్పై రెండు మందిలో నీకు నచ్చిన ఎనిమిది మందిని ఎంచుకోకు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక నువ్వు కూడా గబగబా బయటికి రాకుండా పది నిమిషాలు గుమ్మం దగ్గర నిలబడి చూడు. ఒంటరిగా నడిచి వెళ్ళేవాళ్ళు కనబడతారు. నీలాంటివాళ్ళే, రెండేళ్ళ నుంచి నువ్వు కూడా వాళ్ళను చూడలేదు, వాళ్ళు నిన్ను చూడలేదు. మీ పక్కనే ఎన్ఐటీ ఉంది, సగం సీట్లు బయటి రాష్ట్రాల పిల్లలవే. మిజోరం, నాగాలాండ్ నుంచి వచ్చిన పిల్లలెవరైనా మీ సంఘంలో వెనక వరసలో కూర్చుంటుంటే, వాళ్ళకు తెలుగు ప్రసంగం ఒక్క ముక్క అర్థం కాదు. వాళ్ళకు కావాల్సింది హాస్టల్ మెస్ కాని ఒక ముద్ద అన్నం. బైబిల్ ఎవరి భాషలో వాళ్ళు చదువుకోవచ్చు. అట్లాగే ఎంజీఎం ఆసుపత్రికి ములుగు, భూపాలపల్లి వైపు పల్లెల నుంచి రోగి వెంట వచ్చి పది పదిహేను రోజులు ఉండిపోయేవాళ్ళలో మనవాళ్ళూ ఉంటారు. వాళ్ళకు కూడిక కంటే ముందు ఒక బకెట్ వేడినీళ్ళు, ఫోన్ చార్జింగ్ కావాలి. ఒక పూట ఇంటికి తీసుకొచ్చి స్నానం చేయించి పంపితే చాలు. ఇది కూడా ఆతిథ్యమే, దీనికి పాట, వాక్యం అవసరం లేదు.

ఇప్పుడు నీ ఉత్తరంలో నువ్వు గబగబా దాటేసిన చోటికి వస్తాను. 'ఒక అక్క రెండుసార్లు చాయ్‌కి రమ్మంది. అత్తమ్మ వద్దన్నది, నేనూ ఊరుకున్నాను.' దాని పైనే 'ఒక్కరూ మమ్మల్ని వాళ్ళింటికి రమ్మనలేదు' అని రాశావు. రమ్మన్నారు చెల్లెమ్మా. రెండుసార్లు రమ్మన్నారు. ఆ పిలుపు నీ లెక్కలోకి రాలేదు.

అత్తమ్మ ఎందుకు వద్దన్నదో నువ్వు రాయలేదు, నేనూ అడగను. మనం పుట్టిన గడ్డ మీద ఎవరింట్లో మంచినీళ్ళు తాగాలో, ఎవరింట్లో తాగకూడదో చిన్నప్పుడే ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంటాం. సంఘంలో ఇది ఎవరూ పైకి అనరు. ఆదివారం ఒకే రొట్టె విరుచుకుంటాం. కానీ మాల వాడ నుంచి వచ్చినవాళ్ళు, మాదిగ వాడ నుంచి వచ్చినవాళ్ళు, ఇంకే కులం నుంచో వచ్చినవాళ్ళు సోమవారం ఎవరి గడప ఎక్కుతున్నారో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఒక్కోసారి కులం కాదు, ఇల్లు రేకులది కావడం, చేసే పని పాచిపని కావడం. కొరింథీలో కూడా ఇదే జరిగింది. ప్రభువు భోజనానికని కూడి, ఉన్నవాళ్ళు ముందే తిన్నారు, లేనివాళ్ళు ఆకలితో కూర్చున్నారు. వాళ్ళకు రాసిన పత్రికలో పౌలు మిమ్మల్ని మెచ్చుకోను అని సూటిగా రాశాడు.

మీ కాజీపేటలో విజయవాడ వైపు రైలెక్కితే డోర్నకల్ వస్తుంది. అక్కడి బిషప్ అజరయ్య పేరు వినే ఉంటావు. 1912లో బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. అంతకు రెండేళ్ళ ముందు, 1910లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అప్పటికి ఆయనకు 35 ఏళ్ళు. ప్రపంచంలోని పెద్ద పెద్ద మిషనరీలందరి ముందు నిలబడి ఆయన అడిగింది డబ్బు కాదు, బడులు కాదు, ఆసుపత్రులు కాదు. మీ ఆస్తిని పేదలకు పంచారు, మీ శరీరాలను కాల్చబడడానికి ఇచ్చారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నాడు. ఒకరింటికి ఒకరు పోవడం, కుర్చీ వెయ్యడం, చాయ్, భోజనం లాంటి చిన్న విషయాలు ఆ ప్రసంగంలోనే వచ్చాయి. ప్రాణాలిచ్చే మిషనరీలు కూడా మనవాళ్ళతో కూర్చుని ఒక కప్పు చాయ్ తాగడానికి వెనకాడారన్నది ఆయన బాధ. సభలో చాలామందికి ఆ మాట గుచ్చుకుంది. ఆ రోజు అజరయ్య తెల్లవాళ్ళను అడిగిందే, ఈ రోజు ఆ అక్క నిన్ను అడిగింది, రెండుసార్లు.

నువ్వు పెట్టడం గురించే ఆలోచిస్తున్నావు. తినడం గురించి ఆలోచించలేదు. పెట్టే చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుంది, అందులో కొంచెం సుఖం కూడా ఉంటుంది, నాకు తెలుసు. ప్రభువు చూడు, తలవాల్చుకోవడానికి చోటు లేనివాడు, జీవితమంతా అతిథిగానే తిరిగాడు. తనను చూడాలని చెట్టెక్కిన జక్కయ్యకు విందు ఇవ్వలేదు, నీ ఇంటికి వస్తానన్నాడు. అందరూ ఛీ అనుకునే మనిషి ఆ ఒక్క మాటకు చెట్టు దిగాడు. సమరయ స్త్రీని నీళ్ళు అడిగాడు. యూదుడు తన చేతి నీళ్ళు తాగుతానంటే ఆమెకే నమ్మబుద్ధి కాలేదు, నన్నెలా అడుగుతున్నావంది. ఆ ఊళ్ళో ఆయన రెండు రోజులు ఉన్నాడు. ఎవరింట్లో తిన్నాడో రాయలేదు గానీ, తినకుండా అయితే ఉండడు కదా.

కాబట్టి నీ కూడిక మొదలయ్యేది నీ ఇంట్లో కాదు, ఆమె ఇంట్లో. ఈ వారమే వెళ్ళు. ముందుగా చెప్పి వెళ్ళు, ఆమెకు పనికెళ్ళే ఇళ్ళుంటాయి, ఏ టైమ్‌కు ఇంట్లో ఉంటుందో అడుగు. పండ్లు, స్వీటు డబ్బా పట్టుకుపోకు. పట్టుకుపోతే మళ్ళీ నువ్వు పెట్టేదానివి, ఆమె తీసుకునేది అవుతారు. పిల్లలను తీసుకెళ్ళు, పిల్లలు పోయిన ఇంట్లో బెరుకు త్వరగా పోతుంది. మంచినీళ్ళు ఇస్తే మొత్తం తాగు. చాయ్‌లో చక్కెర ఎక్కువైందనకు. ఆమె చూస్తుంది, గ్లాసు సగంలో పెట్టావా, ఖాళీ చేశావా అని. తప్పకుండా చూస్తుంది. అన్నం తిని పొమ్మంటే తిను. అక్కడే కూర్చుని, మంగళవారం కూడిక పెట్టుకుందామా అని ఆమెనే అడుగు. రెండో వారం కూడిక ఆమె ఇంట్లో ఉండాలి. ఐదో వారమో ఆరో వారమో కాదు, రెండో వారం. ఆలస్యమయ్యే కొద్దీ ఆమెకు భయం పెరుగుతుంది, మా వీధి మిషన్ ఆవిడకు పెరిగినట్టే. నీ ఇంట్లో గుడాలు తిన్న మరుసటి వారమే ఆమె ఇంట్లోనూ గుడాలే తింటే, తర్వాత ఎవరి వంతు వచ్చినా ఎవరికీ జ్వరం రాదు.

అత్తమ్మతో గొడవ పెట్టుకోకు. వాక్యం ఎత్తి చూపించకు, పెద్దవాళ్ళకు కోడలి నోట వాక్యం వింటే ఇంకా మొండి పెరుగుతుంది. దాచిపెట్టి మాత్రం వెళ్ళకు. 'అత్తమ్మా, నేను పోయొస్తున్నా' అని చెప్పి వెళ్ళు. తిట్టుకుంటే తిట్టుకోనివ్వు. బెల్లంపల్లిలో మీ అమ్మవాళ్ళింట్లో కూడికలు ఎలా జరిగేవో నాకు చెప్పావు, ఆమెకు ఎప్పుడైనా చెప్పావా? ఆమె కాలంలో వాళ్ళ ఊళ్ళో ఎవరింట్లో జరిగేవో ఒక రాత్రి అడిగి చూడు. కందిల్లు పెట్టుకుని, కంజర వాయించుకుంటూ తెల్లవార్లూ పాడిన రోజులు ఆమెకూ ఉండి ఉంటాయి. ఆ ఇళ్ళు ఎవరివో చెప్తూ చెప్తూ ఆమే ఆగిపోవచ్చు. ఆగకపోనూ వచ్చు. ఆ అక్క నీ ఇంటికి వచ్చిన మంగళవారం గుడాల గిన్నె అత్తమ్మ చేతికే ఇచ్చి వడ్డించమను. వడ్డించడం అలవాటున్న చెయ్యి మనిషిని చూసి వెనక్కి పోవడం కష్టం.

4 వేల అప్పు ముందు తీర్చు. మొదటి మంగళవారం ఎంతమంది వచ్చారో రాయి, ఇద్దరే వచ్చినా సరే. ఆ అక్క పెట్టిన చాయ్ ఎలా ఉందో కూడా రాయి.